పాత్రయే ప్రాణముగాగల చిత్రము: ‘శంకరాభరణము’ గుణదోష విచారము

చలనచిత్రమును గూర్చి పెద్దల యెదుట ప్రసంగించుట కొంత సాహసమే. “ఆ బొమ్మలు పిల్లకాయలకు గాని మనకెందుకు?” అని మీలో కొందరనవచ్చును. కాని హరికథకుని గుణదోషములెన్నినవారు, వీథినాటకమున వేషగాడు తాళము తప్పినంతనే కనిపెట్టినవారు, చిత్రమును మాత్రమేల విచారింపరాదు? ఈనాడది ఇంటింట టెలివిజనులో నున్నది. మనుమని చేతి ఫోనులో నున్నది. తలుపు మూసినంత మాత్రమున రాక మానునది కాదు. కావున మంచి చిత్రమేది, దానిలోని మంచి యెంత, కొరత యెంత అని తూచి చెప్పు నేర్పు పెద్దలకవసరము. అట్టి తూనికకు నేడు నేనొక్క చిత్రమునే తీసికొనుచున్నాను.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. కొన్ని కథలలో సంఘటనలు మనుష్యులను నడపును. నిధి పోయినది, వెదకిరి. శత్రువు వచ్చెను, పోరాడిరి. అందు నాయకుడు రాముడైనను సోముడైనను కథకు పెద్ద భేదము లేదు. మరికొన్ని కథలలో మనుష్యుల స్వభావమే సంఘటనలను కనును. భారతమునందలి జూదమును చూడుడు. ధర్మరాజునకు జూదమునందలి ఆసక్తియు, పిలిచినచో కాదనరాదను నియమమును లేకున్నచో శకుని పాచికలెంత మాయవైనను ఏమి చేయగలవు? ఆ ఆపద బయటినుండి వచ్చినది కాదు. ఆ మనుష్యునిలోనుండి వచ్చినది. ఇట్టి కథను పాత్రప్రధానమందుము. దీనికొక్కటే పరీక్ష: “ఈ పని ఈ మనుష్యుడే చేయగలడు, ఇతడిట్లు గాక మరియొక విధముగ చేయలేడు” అని చూచువారికి తోచవలెను.

ఈ పరీక్షకు నిలుచు తెనుగు చిత్రములలో ‘శంకరాభరణము’ ముఖ్యమైనది. ఇది 1980వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన విడుదలయ్యెను. దర్శకులు కాశీనాథుని విశ్వనాథుగారు, నిర్మాత ఏడిద నాగేశ్వరరావుగారు, సంభాషణలు జంధ్యాలగారివి, పాటలు వేటూరి సుందరరామమూర్తిగారివి, సంగీతము కె. వి. మహదేవన్‌గారిది, ఛాయాగ్రహణము బాలు మహేంద్రగారిది. 27వ జాతీయ చలనచిత్ర పురస్కారములలో దీనికి నాలుగు లభించెను. ప్రజాదరణ పొందిన ఆరోగ్యకరమైన వినోదచిత్రముగా నొకటి. సంగీతదర్శకునికి, గాయకుడు బాలసుబ్రహ్మణ్యముగారికి, గాయని వాణీ జయరాముగారికి తక్కిన మూడు. విశ్వనాథుగారు 2023లో దివంగతులైరి. చిత్రమైన సంగతి యేమనగా, అదియు ఫిబ్రవరి 2వ తేదీయే.

కథను క్లుప్తముగా చెప్పెదను. శంకరశాస్త్రి గొప్ప గాయకుడు, భార్య లేదు, శారద యను కూతురున్నది. తులసి వేశ్యాగృహమున పుట్టిన పిల్ల. నృత్యమునందును సంగీతమునందును ప్రాణమున్నది. శాస్త్రిగారిని దైవమువలె భావించును. తల్లి యామెను కులవృత్తిలోనికి దింపనెంచును. ఒక ధనికుడామెను చెరచును. ఆమె వానిని చంపును. న్యాయస్థానమున విడుదలయైన తరువాత శాస్త్రిగారామెను తన యింటికి తెచ్చి నీడనిచ్చును. ఊరు నిందించును. తన మూలమున ఆయన కపకీర్తి కలుగుచున్నదని తులసి చెప్పక వెడలిపోవును. ఏండ్లు గడచును, కాలము మారును, శాస్త్రిగారి కచేరీలకు శ్రోతలు తరిగి, ఇల్లు లేమి పాలగును. తులసి తన కుమారుని అనాథ బాలకునివలె ఆయన యింటికి పంపి, శిష్యునిగా చేర్పించును. తుదిని ఆమె చాటునుండి యేర్పాటు చేయించిన కచేరీలో పాడుచుండగా శాస్త్రిగారికి గుండెనొప్పి వచ్చును. ఆగిన పాటను బాలకుడందుకొనును. శాస్త్రిగారు తన కాలి గండపెండేరమును ఆ బాలకునికి తొడిగి కన్నుమూయును. తులసియు ఆయన పాదములకడనే ప్రాణము విడుచును.

ఇక గుణములను విచారింతము. మొదటిది శాస్త్రిగారి పాత్ర నడిచిన తీరు. ఆయన ఎక్కువ మాటలాడడు. మనసులోని దానిని పొడవైన ప్రసంగములతో చెప్పుట మన చిత్రములకు అలవాటు. ఇచ్చట మౌనమే చాలవరకు చెప్పును. ఒక సన్నివేశమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కూతురు తండ్రి యెదుట త్యాగయ్యగారి కీర్తనను సాధన చేయుచున్నది. ఆమె మనసు తాను వలచిన యువకునిపై నున్నది. స్వరము తప్పును. తండ్రి “శారదా!” అని ఒక్క కేక వేయును. అంతే. ఆ ఒక్క పేరులో గురువుగారి కోపమున్నది, తండ్రి ఆశ్చర్యమున్నది. కూతురు ఎదిగినదని తెలియని యొక యొంటరివాని అమాయకతయు నున్నది. నలుబది యేండ్లు దాటినను జనులు ఆ కేకను మరువలేదు. మాట గొప్పదగుటచేత కాదు. అది ఆ మనుష్యుడు వేయవలసిన కేకయే యగుటచేత.

రెండవ గుణము, సాహసమైనది, తులసికి నీడనిచ్చుట. ఆచారమునకు ప్రాణమిచ్చు వ్యక్తి ఆచారవంతులు మెచ్చని పని చేయును. వంటమనిషి మానివేయును, పక్కవాద్యములవారు తొలగిపోదురు, గుడిలోనివారు ముఖము త్రిప్పుకొందురు. ఆయన వాదింపడు, సంజాయిషీ చెప్పుకొనడు. కుండపోతగా కురియు వానలో నిలిచి, పక్కవాద్యము లేక, తన దైవమునకే మొరపెట్టుకొన్నట్లు ఎలుగెత్తి పాడును. ఇందు పాట కథకు అలంకారము కాదు, పాత్రకు మాట. మన చిత్రములలో పాట వచ్చినచో కథ యాగి నిలుచుండును. ఇచ్చట పాటలోనే కథ నడచును. ఆయనకు ఆచారమనగా ఏమో ఆ వానలో మనకు తెలియును. అది మడిబట్ట కాదు. ఆర్తురాలిని వీథిలో విడువకుండుట.

మూడవది పాత్రధారుల యెన్నిక. శాస్త్రిగారి వేషము ధరించిన జె. వి. సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. రంగస్థలమున పేరుపొందినవారే గాని, చిత్రములు చూచు సామాన్యులకు వారి ముఖము పరిచితము కాదు. ప్రసిద్ధ నటుడైనచో మనమాతని పూర్వవేషములను గూడ వెంట తెచ్చుకొందుము. ఇచ్చట మనకు శాస్త్రిగారే కనబడును. తులసి వేషము ధరించిన మంజుభార్గవిగారు వెంపటి చినసత్యముగారి కడ కూచిపూడి నేర్చినవారు. ఆమె కన్నులును చేతులును మాటలకు బదులుగ పనిచేసినవి. బాలకుని వేషము ధరించినది ఒక బాలిక యనుట ఇప్పటికిని పలువురెరుగని ముచ్చట. శాస్త్రిగారి స్నేహితుడు మాధవయ్య అను వకీలుగా అల్లు రామలింగయ్యగారు నటించిరి. ఈ పాత్ర నవ్వించుటకు మాత్రమే కాదు. లోకజ్ఞానము లేని మహనీయునికి లోకజ్ఞానముగల స్నేహితుడొకడు వెంటనుండనిచో ఆ గృహము రెండునాళ్లు గడవదు. అట్టి జంటలు మన యూళ్లలో నెన్ని లేవు!

నాలుగవది, నా దృష్టిలో అన్నిటికంటె మిన్నయైనది, వారసత్వమును గూర్చిన తీర్పు. గండపెండేరము పండితునికి సభ చేయు సత్కారము. దానిని శాస్త్రిగారు ఎవరికి తొడిగెను? బంధువునకు కాదు, కులజునకు కాదు. తండ్రి పేరు చెప్పుకొనరాని, లోకము వెలివేసిన స్త్రీ కన్న బిడ్డకు. విద్య రక్తమున రాదు, భక్తిశ్రద్ధల వెంట వచ్చునని ఒక్కమాట పలుకకుండ, ఒక్క చేతతో చెప్పెను. ఆ చేత ఆకస్మికము కాదు. వానలో పాడిన మనుష్యుడే దానిని చేయగలడు. పాత్రప్రధానమైన కథకు ఇంతకంటె తగిన ముగింపు దొరకదు.

గుణములనింతగా మెచ్చిన పిమ్మట దోషములను దాచుట న్యాయము కాదు. మంచి చిత్రమగుటచేతనే వానిని చెప్పవలెను. చెడ్డ చిత్రమునకు విమర్శ యేల?

మొదటి దోషము తులసి మౌనము. శాస్త్రిగారి మౌనము గంభీరమని మెచ్చితిని గదా, తులసి మౌనమును మాత్రమేల తప్పుపట్టవలెను? కారణమున్నది. శాస్త్రిగారికి మాట బదులు పాటయున్నది. లోకమాయన పాటను విన్నది. తులసికి మాటయు లేదు. నృత్యమైనను కొలది సేపే. కథను నడుపునది ఆమెయే: ఇల్లు విడుచునది, బిడ్డను పంపునది, కచేరీ కూర్పించునది. ఐనను ఆమె మనసులో నేమున్నదో భక్తి తప్ప మరేమియు మనకు చూపరు. తనకు జరిగిన ఘోరమునకంటె శాస్త్రిగారి చిత్రపటమునకు జరిగిన అవమానమే ఆమెకు ఎక్కువ కోపము తెప్పించినట్లు కల్పించిరి. తుదకు ఆయన పోగానే ఆమెయు పోవును. ఏలయనగా, ఆయన లేనిచో ఆమెకు కథలో పనిలేదు. పదియేండ్ల బిడ్డ బ్రతికియుండగా తల్లికి పనిలేకుండుటెట్లు? ఇది ఆమె స్వభావమునుండి పుట్టిన మరణమా, ముగింపు నిండుగా నుండుటకై కథకుడు కోరిన మరణమా? రెండవదియే యని నా యభిప్రాయము.

దీనికి ప్రక్కగా గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ను ఉంచి చూడుడు. అది 1892లో మొదట ప్రదర్శింపబడినది; 1897లో అచ్చయినది. అందలి మధురవాణియు వేశ్యయే. కాని ఆమె మాటలాడును, ఎదిరించును, హాస్యమాడును, పెద్దమనుష్యుల గుట్టు బయటపెట్టును, తన బుద్ధితో ఇతరులను గట్టెక్కించును. తులసికంటె ఎనుబది యేండ్లకు పైగా ముందు పుట్టినది. ఐనను ఆమెకంటె స్వతంత్రురాలు. సోమయాజులుగారు ఆ నాటకమున రామప్పపంతులు వేషమునకు ప్రసిద్ధులు. మధురవాణి యెదుట తెల్లబోవు పంతులుగా నటించినవారే, తులసి మౌనముగా కొలుచు శాస్త్రిగారైరి. ఈ రెండు వేషముల నడుమనున్న దూరమే నేను చెప్పుచున్న దోషమునకు కొలత.

మరియొక సంగతి గలదు. దక్షిణదేశ సంగీత నృత్యములను తరతరములుగా కాపాడినవారిలో దేవదాసీ, కళావంతుల కుటుంబములవారు ముఖ్యులు. వీణ ధనమ్మాళ్ గారట్టి వంశమువారే; ఎమ్. ఎస్. సుబ్బులక్ష్మిగారి తల్లియు అట్టి పరంపరలోని వైణికురాలే. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీ సమర్పణమును మాన్పు చట్టము వచ్చినది. దురాచారము పోవుట మేలే. కాని ఆ స్త్రీల విద్యకు లభింపవలసిన గౌరవము తగినంత లభింపలేదు. తులసి శాస్త్రిగారి యింట అడుగుపెట్టునపుడు ఆమెయు ఒక సంగీతసంప్రదాయమును వెంటతెచ్చుచున్నది. చిత్రమామెను ఆశ్రితురాలిగా చూపెనే గాని, వారసురాలిగా చూపలేదు. పెండేరము కుమారునికి లభించినది; తల్లి విద్య సంగతి యెవరును అడుగలేదు.

రెండవ దోషము ప్రతిపక్షమును బలహీనముగా నిలుపుట. శాస్త్రిగారి పతనమునకు పడమటి సంగీతపు మోజే కారణమని చిత్రము సూచించును. రాత్రివేళ అల్లరిగా వాయించు కుర్రవాండ్రను తెచ్చి, శాస్త్రిగారిచే వారి పాటను పాడించి, ఆయన పాటను వారు పాడలేక సిగ్గుపడునట్లు చేయుదురు. హాలులో చప్పట్లు మ్రోగును. కాని ఆ కుర్రవాండ్రు మనుష్యులు కారు. ఓడిపోవుటకే తెచ్చిన గడ్డిబొమ్మలు. ఆ సన్నివేశముననే సంగీతమే దేశపుదైనను పవిత్రమే యను భావమును శాస్త్రిగారి నోట పలికించిరి. అది ఉదారమైన మాట. కాని తుదిసభలో పడమటి సంగీతము పెనుగాలియనియు, మన సంగీతము రెపరెపలాడు దీపమనియు పోల్చిరి. ఈ రెండు మాటలును ఒక్క నోట ఎట్లు పొసగును?

సంగీతచరిత్ర చెప్పునదియు వేరు. మన కచేరీలలో ప్రక్కవాద్యమైన ఫిడేలు పడమటినుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులవారు దానిని మన సంగీతమునకు మలచిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెనుగువారి గర్వమైనది. ముత్తుస్వామి దీక్షితులవారే పడమటి బాణీలకు సంస్కృత సాహిత్యమును కూర్చిరి, వానిని నొట్టుస్వరములందురు, అవి శంకరాభరణ రాగముననే యున్నవి. అనగా చిత్రమునకు పేరైన రాగమే తూర్పు పడమరలు కలసిన రేవు. ఇరువదితొమ్మిదవ మేళకర్తయైన ఆ రాగపు స్వరస్థానములును, పడమటివారి ‘మేజరు’ స్వరశ్రేణియు ఒక్కటియే. ఇంత చక్కని సంగతి పేరులోనే యుండగా, చిత్రము దానిని పట్టించుకొనలేదు.

ఇక విద్వాంసుల లేమికి కారణము కుర్రవాండ్ర మోజొక్కటియేనా? పోషకులైన సంస్థానములును జమీలును పోయినవి. జమీందారీల రద్దుకు మదరాసులో 1948లో చట్టమైనది. వేదిక పల్లెనుండి పట్టణపు సభలకు తరలినది. గురుకులములో పదియేండ్లుండి నేర్చుటకు గృహస్థునకు శక్తి చాలదాయెను. ఈ కారణములు చిత్రమున లేవు. ఒక తరమును దోషిగా నిలుపుట సులభము. మారిన బ్రతుకుతెరువును చూపుట కష్టము. సులభమైన దానినే తీసికొనిరి.

మూడవ దోషము శాస్త్రిగారికి తప్పు లేకుండుట. కోపమున్నది, పట్టుదలయున్నది, కాని కథలో అవి యెవరికిని నిజమైన నష్టము కలిగింపవు. ఇంటి లేమిని భరించినది కూతురు. ఆమె కష్టమును గూర్చి ఒక్క నిమిషమైనను తండ్రి పశ్చాత్తాపపడినట్లు చూపినచో పాత్ర మరింత ఎత్తునకు పోయెడిది. ధర్మరాజు గొప్పవాడగుట జూదమాడినందున కాదు. ఆడి, దాని భారమును మోసినందున. నిర్దోషిని పూజింతుము, దోషమునెరిగి దాటినవానిని ప్రేమింతుము. చిత్రము శాస్త్రిగారిని పూజకు నిలిపినది.

ఈ దోషములచేత చిత్రము చిన్నదగునా? కాదు. వానలోని పాటయు, పెండేరము తొడిగిన చేతయు ఎన్ని దోషములనైనను మోయగలవు. కాని నన్ను బాధించు విషయమొకటి గలదు. ఈ చిత్రమును మెచ్చు పెద్దలతో మాటలాడినపుడు, వారిలో పెక్కురు కుర్రవాండ్రను సిగ్గుపరచిన సన్నివేశమునే చెప్పుదురు. “చూచితివా, మన సంగీతము ముందర వారి గోల యెట్లు ఓడినదో!” అని సంతసింతురు. తులసికి తలుపు తెరచినందుకు ఊరంతయు విడిచిపెట్టిన సన్నివేశమును చెప్పువారు తక్కువ. మొదటిది పెద్దలను మెచ్చుకొనునది; రెండవది పెద్దలను ప్రశ్నించునది. మనకు సుఖమైన దానిని జ్ఞప్తియందుంచుకొని, మనలను కదలింపవలసిన దానిని మరచితిమి.

శాస్త్రిగారిని విడిచిపెట్టినవారెవరు? పడమటి పాటల కుర్రవాండ్రు కారు. గుడిలోనివారు, వాద్యగాండ్రు, వంటమనిషి, అనగా మనబోటివారే. ఆయన దీపమును మొదట వణకించిన గాలి ఊరిలోనే పుట్టినది. చిత్రము ఈ సత్యమును మొదటిసగములో చూపి, రెండవసగములో తానే మరచినది. ఇదియే దాని గొప్పతనము, ఇదియే దాని కొరత.

కావున మీ యింట ఈ చిత్రమును చూచునపుడు పిల్లలను గూడ కూర్చుండబెట్టుకొనుడు. ముగిసిన పిమ్మట వారిని రెండు ప్రశ్నలడుగుడు. “శాస్త్రిగారు చేసిన పనులలో మిక్కిలి కష్టమైనదేది?” అనునది మొదటిది. “తులసి నోరు విప్పియుండినచో ఏమి చెప్పియుండెడిది?” అనునది రెండవది. మొదటిదానికి బదులు చిత్రములోనే దొరకును. రెండవదానికి బదులు పిల్లలు చెప్పవలెను. అందును ఆడపిల్లలు చెప్పవలెను. వారు చెప్పునది మనకు రుచింపకపోవచ్చును. ఐనను మధ్యలో ఆపక, పాట వినునంత ఓపికతో వినుడు.